కడగవద్దని రాసిన చీటీ

మా నాన్న రెండేళ్ళపాటు నా చదువు పేరు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. తనకు సిగ్గేమీ లేదట, వినేవాళ్ళు కంగారుపడతారని అట. మొదటి సెమిస్టరులో ఎవరైనా అడిగితే "హిస్టరీ సైడు" అన్నాడు. రెండో సెమిస్టరుకి అది "హెరిటేజ్ మేనేజ్‌మెంట్" అయింది. రెండో ఏడాది దీపావళికి, మేముండే ఈ ద్వీపనగరంలోనే యూ టీ పేటలో ఉండే అంకుల్ వాళ్ళింట్లో, ఒక చేతిలో గారె, ఇంకో చేతిలో అల్లప్పచ్చడి గిన్నె పట్టుకుని, నా వైపు చూడకుండా, "డేటా అండీ. ఓల్డ్ డేటా" అన్నాడు.

అంకుల్ తృప్తిగా తలాడించారు. ఆయనా నాన్నా చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒకే బ్యాంకుకి పనిచేస్తారు. డేటా అన్న మాట చెవిన పడితే చాలు, అక్కడ పనిచేసే మనవాళ్ళ ముఖాల్లోకి జ్వరం తగ్గిన కళ వస్తుంది. "గుడ్, గుడ్. స్కోప్ ఉంది తల్లీ" అన్నారు నాతో. ఆయన దృష్టిలో ప్రపంచంలో రెండే శాస్త్రాలు: స్కోప్ ఉన్నది, స్కోప్ లేనిది.

నేను పక్కనే సోఫా చివర కూర్చుని ఉన్నాను. సరిదిద్దలేదు. నేను ఎవరినీ సరిదిద్దే మనిషిని కాను. హాకర్ సెంటర్‌లో టీకొట్టు దగ్గర టీ అడిగితే కాఫీ ఇచ్చినా, తాగేసి థాంక్యూ చెప్పి వచ్చే రకం. ఇంటికొచ్చి డైరీలో మాత్రం రాసుకున్నాను: "ఈరోజు నేను పాత డేటాని అయ్యాను."

నేను చదివేది పురావస్తు శాస్త్రం. ఆ మాట వినగానే జనం కళ్ళముందు ఎడారులూ సమాధులూ కదులుతాయి. మా తవ్వకం జరిగింది ఊరి నడిబొడ్డున, రెండు గాజు భవనాల మధ్య, మూడో గాజు భవనానికి పునాది వేయబోయే స్థలంలో. పునాది స్తంభాలు దించే పైలింగ్ యంత్రం ఏ రోజు వస్తుందో కంచెకి కాగితం అంటించి ఉండేది. ఆరేడు వందల ఏళ్ళ చరిత్ర ఆ లోపల తెమలాలి. మధ్యాహ్నం వాన పడుతుంది. గుంట నిండుతుంది. పంపు పెట్టి నీళ్ళు తోడతాం, మళ్ళీ మట్టి గీకుతాం. మెడలో ఆఫీసు కార్డులూ చేతిలో ప్లాస్టిక్ సంచుల్లో కాఫీలతో ఉద్యోగులు కంచె పట్టుకుని మమ్మల్ని చూసేవాళ్ళు. వాళ్ళ దగ్గర రెండే ప్రశ్నలుండేవి. "బంగారం దొరికిందా?" "ఇక్కడ కొత్త ఎమ్మార్టీ రైలు స్టేషనా?" రెండింటికీ కాదని చెబితే, వాళ్ళ కాఫీకంటే ముందు వాళ్ళ ఆసక్తి చల్లారేది.

మా తరగతిలో తొమ్మిదిమందిమి. మొదటి వారం అందరూ వెడల్పాటి టోపీలు, పదేసి జేబుల ప్యాంట్లు కొనుక్కుని దిగారు. మూడో వారానికి అందరి చేతుల్లోనూ పళ్ళు తోముకునే బ్రష్షులు వెలిశాయి. ఈ సంగతి చేరే ముందు ఎవరూ చెప్పరు. ఒకరోజు తవ్వితే నెలరోజులు కడగాలి. కడిగి, ట్రేల్లో ఆరబెట్టి, లెక్కపెట్టి, తూచి, ఒక్కో కుండ పెంకు మీదా అంకె రాయాలి. ఏ పెంకు ఏ పొరలో దొరికిందో చెప్పే చీటీ ట్రేలో ఉంటే అది చరిత్ర. ఆ చీటీ తప్పిపోతే అదే పెంకు చెత్త. మా శాస్త్రం మొత్తం ఇంతే, మిగతాదంతా ఫుట్‌నోట్లు. అయినా మావాళ్ళ గర్వం చూడాలి. క్యాంటీన్‌లో కోడికూర తిని ఎముకలు పళ్ళెం అంచున పేర్చి, "ఇది ఏ పొర?" అని నవ్వుకునేవాళ్ళు. గోళ్ళలో మట్టి ఉండటం డిగ్రీకి ముందే ఇచ్చిన పతకంలాగా, ట్రైన్‌లో చేతులు అందరికీ కనిపించేలా పట్టుకునేవాళ్ళు. నేను చేతులు జేబుల్లో పెట్టుకునేదాన్ని. గర్వం నాకూ ఉంది, చూపించే ధైర్యమే లేదు.

నాకు బాగా వచ్చిన పని ఒకటుంది. పెంకు లోపలి మూల గోళ్ళరంగులాంటి పూత కొద్దిగా పూసి, ఆరాక సన్నటి పెన్నుతో దాని మీద అంకెలు రాయడం. పన్నెండో ఏటి నుంచి డైరీ రాస్తున్నాను. మా బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో నాకంటూ తాళం వేసుకునే సొరుగు లేదు. అందుకని అమ్మ కంటికి ఆనకుండా ఆవగింజంత అక్షరాలతో రాయడం అలవాటయింది. ఆ ఆవగింజలు ల్యాబులో విద్యగా మారాయి. గట్టిగా మాట్లాడనక్కర్లేని మూల బల్ల ఒకటి దొరికింది. రెండేళ్ళు అక్కడ హాయిగా కూర్చున్నాను.

అయితే నాన్నతో ఒక ఒప్పందం ఉంది. రెండో ఏడాది చివరికి ప్రొఫెసర్ నన్ను తన ల్యాబు ప్రాజెక్టులోకి తీసుకుంటే ఈ చదువే కొనసాగించవచ్చు. తీసుకోకపోతే, బిజినెస్ అనలిటిక్స్‌కి మారే ఫారం నింపాలి. నాన్న ఆ ఫారం లింకును ఫోన్‌లో నక్షత్రం గుర్తు పెట్టి దాచుకున్నాడు. గడువు రోజు నాకంటే ఆయనకే బాగా గుర్తు.

ఆ గడువుకి నెల రోజుల ముందు ప్రొఫెసర్ నా మూల బల్ల దగ్గరికి వచ్చారు. యాభై దాటిన ఆవిడ, ఎండకి మాడిన మెడ, పెంకులతో మాట్లాడినంత మర్యాదగా మనుషులతో మాట్లాడరు.

"నీ గొంతు నేనింతవరకూ వినలేదు. కానీ ల్యాబులో నువ్వు రాసే రిజిస్టరు చదివాను. నువ్వు చూసినదే రాస్తావు, చూడనిది రాయవు. ఈ భవనంలో అలాంటివాళ్ళు తక్కువ" అన్నారు.

రేకు కాగితం మడతలు విప్పి చూపించారు. ముతక మట్టికుండ పెంకులు ఆరు. బయట మసి. లోపల నల్లగా కరుచుకుపోయిన మాడు. మన ఇళ్ళలో పప్పు అడుగంటితే మిగిలేదే, ఆరేడు వందల ఏళ్ళ వయసుతో.

"ఇందులో వాళ్ళ వంట ఉంది. చేపలా, బియ్యమా, కొబ్బరిపాలా, రసాయన ప్రయోగశాలకి పంపితే తెలుస్తుంది. నీళ్ళు తగలకూడదు. ఉత్త చేతులు తగలకూడదు. ఇవి నీవి. వీటి మీద నీ ప్రాజెక్టు" అన్నారు.

ఎవరో ఒకావిడ పొయ్యి మీద కుండ పెట్టి ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది. కుండ మాడింది. ఆమె తిట్లు తిని ఉంటుంది. ఆ పరధ్యానం ఇన్ని వందల ఏళ్ళు మట్టి కింద చెక్కుచెదరకుండా ఉండి నా చేతికొచ్చింది. ఆ సాయంత్రం ట్రైన్‌లో నిలబడే రెండు పేజీలు రాశాను. ఇంట్లో మాత్రం, "ప్రాజెక్టు వచ్చింది" అన్నాను, అంతే. నాన్న, "పేపరు మీద ఇచ్చారా?" అన్నాడు. ఇంకా ఇవ్వలేదు. నక్షత్రం గుర్తు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మా అమ్మకు మసి చూస్తే ఒళ్ళు మండుతుంది. ఈ ఫ్లాట్‌లోకి మారిన రోజున పాలు పొంగించే ముందు, పాతవాళ్ళు వదిలేసిన స్టవ్వు తోమింది. మనవాళ్ళు తలా ఒక వంటకం చేసుకుని ఎవరింట్లోనైనా కలిసినప్పుడు, తిన్నాక ఆడవాళ్ళందరూ సింకు దగ్గర చేరి, "మీరుండండి వదినా", "అబ్బే, మీరుండండి" అని ఒకరినొకరు నెట్టుకోవడం మామూలే. ఆ నెట్టుడులో మా అమ్మ ఎప్పుడూ ఓడిపోలేదు. కారణం ఆయుధం. ఆమె హ్యాండ్‌బ్యాగులో ఒక ఆకుపచ్చ పీచు, చిన్న సీసాలో నిమ్మవాసన గిన్నెల సబ్బు ఎప్పుడూ ఉంటాయి. "వాళ్ళింట్లో పీచు ఎట్లాంటిదో మనకేం తెలుసు?" అంటుంది.

ల్యాబులో పెంకులు పేరుకుపోయాయని శనివారాల్లో బయటివాళ్ళను సాయానికి పిలిచేవారు. విద్యార్థులు తలా ఇద్దరిని తీసుకురావాలి. మిగతావాళ్ళు స్నేహితులను తెచ్చారు. నాకున్న స్నేహితులు అప్పటికే ఆ తరగతిలో ఉన్నారు. అందుకని అమ్మ వచ్చింది. ఆమెకు తోడుగా యూ టీ అంకుల్ భార్య, ఆంటీ వచ్చారు.

అమ్మ గుమ్మంలోనే ఆగి, గోడల పొడవునా ఉన్న ట్రేలన్నిటినీ చూసింది.

"ఓరి నాయనో! ఇన్ని అంట్లేంటే! మీ క్లాసులో ఎవరికీ అమ్మలు లేరా?"

ఆంటీ గది నలుమూలలా చూశారు. "కంప్యూటర్లేవమ్మా? డేటా ఎక్కడుంది?"

నేను ట్రేల వైపు చెయ్యి చూపించాను. ఆంటీ చాలాసేపు ఆ పెంకులను చూశారు. ఏదో పార్సిల్ తప్పు ఇంటికి వచ్చినప్పటి చూపు.

అప్పటికే ఆ ఆరు పెంకులనూ రేకులోంచి తీసి, బొమ్మ గీసుకోవడానికి పొడుగు బల్ల చివర ఒక ట్రేలో పరుచుకున్నాను. పక్కనే చీటీ పెట్టాను. "కడగవద్దు" అని ఇంగ్లీషులో రాశాను. చక్కగా, పొందికగా, నా డైరీ అక్షరాలతో. ఆ చీటీ చదవాలంటే ముక్కు దానికి ఆనించాలి.

నేను మొదటి పెంకు గీస్తుండగా ఆంటీ వచ్చి పక్కన కూర్చున్నారు.

"అయితే డిగ్రీ అయ్యాక ఏంటమ్మా ప్లాను? మాస్టర్సా? లేకపోతే మేం సంబంధాలు చూడటమా?"

"స్కేలు తెచ్చుకోవాలి ఆంటీ" అన్నాను. స్కేలు నా చేతిలోనే ఉంది. లేచి సామాన్ల గదిలోకి వెళ్ళిపోయాను. అక్కడ అట్టపెట్టెల మధ్య నిలబడి ఆంటీ ఇంకో విషయంలోకి వెళ్ళేదాకా ఆగాను. ఈ ఊళ్ళో హాకర్ సెంటర్ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు 'చోప్' చేసి, అంటే ఆపుకుని పోతే, ఎంత ఆకలితో ఉన్నవాడైనా ఆ కుర్చీ ముట్టుకోడు. నా ట్రేకి చీటీ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. టిష్యూ ప్యాకెట్ దూరానికి కూడా కనిపిస్తుందన్న సంగతి తట్టలేదు.

తిరిగొచ్చేసరికి పొడుగు బల్లకి అటు చివర, నేను వదిలిన చోట, అమ్మ కూర్చుని ఉంది. ఎడమచేతిలో నల్లటి పెంకు. కుడిచేతిలో ఆకుపచ్చ పీచు.

"అమ్మా!" అని అరవడానికి అర క్షణం చాలు. ఆ గదిలో ఇరవైమంది ఉన్నారు. తెలియని ముఖాలు, ప్రొఫెసర్, అందరూ తలలు తిప్పి నన్ను చూస్తారు. ఆ ఊహతో అరుపు మానేశాను. బల్ల చుట్టూ తిరిగి నడిచాను. పరిగెత్తలేదు, పరిగెత్తినా చూస్తారుగా. అమ్మ వెనక చేరి నిలబడ్డాను. అమ్మ అప్పుడు ఆంటీతో, పక్కింటి పంజాబీ ఆవిడ మా కొత్త నాన్‌స్టిక్ పెనాన్ని ఎలా పాడుచేసిందో చెబుతోంది.

"...స్టీలు గరిటతో గీకింది వదినా! గీకద్దండీ గీకద్దండీ అని నేను అంటూనే ఉన్నా, పూత మొత్తం లేచిపోయి, వస్తువు విలువ తెలియనివాళ్ళ చేతుల్లో పెడితే అంతేగా, నేనేమో దాన్ని స్పాంజితో తప్ప ముట్టుకోనా..."

పెద్దవాళ్ళ మాట మధ్యలో అడ్డుపడకూడదని నాకు నేర్పింది ఆమే. వాక్యం పూర్తవుతుందని చూశాను. మా అమ్మ వాక్యాలు అంత త్వరగా పూర్తికావు. నా కళ్ళముందే నల్లటి నురగ ట్రేలోకి కారింది. పెనం కథ ముగిసేసరికి ఐదు పెంకులు ఇటుకరంగులో మెరుస్తున్నాయి. ఆరోది సబ్బునీళ్ళ గిన్నెలో నానుతోంది.

అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసి మురిసిపోయింది. "చూడవే, ఎట్లా తేలాయో! మీవాళ్ళు ఆ పళ్ళ బ్రష్షులు పట్టుకుని ఏళ్ళతరబడి ఏం తోముతున్నారో గానీ. ఆ ఒక్కటీ మొండి మాడు, నానబెట్టా."

"అవునమ్మా" అన్నాను.

డైరీలో నేను రాసుకున్న అవమానాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క "అవునమ్మా" ఒక ఎత్తు.

పెంకులు తీసి, తుడిచి, మళ్ళీ రేకులో చుట్టేశాను. ప్రొఫెసర్ గదికి అటు చివర ఎవరికో పింగాణీ గురించి చెబుతున్నారు, చూడలేదు. చూసింది మా తరగతి అమ్మాయి ఒక్కతే. మా బ్లాకు వెనక బ్లాకులో ఉంటుంది, రోజూ ఒకే ట్రైన్‌లో వెళ్తాం, నా వంతు మాటలు కూడా తనే మాట్లాడుతుంది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అమ్మా ఆంటీ ముందు సీట్లలో కూర్చున్నారు. ఆ అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, ఇక్కడివాళ్ళలాగా మాట చివర 'లా' అతికించి అంది. "ఐయో, అలా ముఖం వేలాడేసుకోకు లా. 'అవశేషాలు నిర్వహణలో కోల్పోబడినవి' అని రాసెయ్. అబద్ధం కాదుగా. ఎవరు కోల్పోయారని ఎవరడుగుతారు?"

నిజమే. మా శాస్త్రంలో ఎవరూ ఏమీ చెయ్యరు. పొరలు కదిలించబడతాయి, ట్రేలు తారుమారవుతాయి, పెట్టెలు కనబడకుండా పోతాయి. చేసినవాడి పేరు ఏ నివేదికలోనూ ఉండదు. ఆరేడు వందల ఏళ్ళ కిందటివాళ్ళు ఏం తిన్నారో చెప్పగలం గానీ, పోయిన మంగళవారం నాలుగో ట్రే ఎవరు పడేశారో చెప్పలేం.

ఇల్లు చేరగానే అమ్మ గుంటూరులో ఉన్న పిన్నికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. "యూనివర్సిటీవాళ్ళకి చేతకాలేదే! నేను పది నిమిషాల్లో తోమి పడేశా. అది నా వెనకాలే నిలబడి చూస్తా ఉంది, మురిసిపోతా." బల్ల దగ్గర కూర్చుని డైరీ తెరిచాను. జరిగింది జరిగినట్టు రాశాను. రాసి చూసుకుంటే ఆ పేజీలో అమ్మ తప్పు ఒక్క వాక్యానికి మించి లేదు. ఏది కడగాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ట్రే వదిలి పారిపోయింది నేను. ఎవరికీ కనిపించని చీటీ రాసింది నేను. ఒక నాన్‌స్టిక్ పెనం కథ పూర్తయ్యేదాకా మర్యాదగా నిలబడింది నేను.

ఫారం గడువు రేపు కాక వచ్చే ఆదివారం. ప్రాజెక్టు పోయిందంటే నాన్న ముందు చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ ఉండదు. ఆ అమ్మాయి చెప్పిన వాక్యం రాస్తే ప్రొఫెసర్ నన్ను తప్పుపట్టకపోవచ్చు, వేరే పెంకులు ఇవ్వవచ్చు. నిజం రాస్తే ఇంకెప్పుడూ ఏమీ ఇవ్వకపోవచ్చు. కానీ ఆవిడ నాకు ఆ పెంకులు ఇచ్చింది నా రిజిస్టరు చూసి. చూసింది రాస్తానని.

సోమవారం ల్యాబు రిజిస్టరులో రాశాను. "ఐదు పెంకులను మా అమ్మ సబ్బుతో, పీచుతో కడిగింది, ఆరోదాన్ని సబ్బునీళ్ళలో నానబెట్టింది. కడగకూడదని ఆమెకు నేను చెప్పలేదు. నా చీటీ చదవగలిగేంత పెద్దది కాదు. కడుగుతుండగా నేను వెనకే ఉన్నాను, ఆపలేదు." జీవితంలో మొదటిసారి పెద్ద అక్షరాలతో రాశాను. పేజీ సగం పట్టింది. నా చేతిరాత ఆ సైజులో ఇంత వికారంగా ఉంటుందని తెలియదు.

ప్రొఫెసర్ చదివి, కళ్ళజోడు తీసి, నన్ను పిలిచారు.

"వెనకే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఎంతసేపు?"

"మా అమ్మ మాట్లాడుతోంది. పూర్తయ్యేదాకా."

ఆవిడ నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. రేకు విప్పి ఒక పెంకు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"నిమ్మకాయ. వీటిని ప్రయోగశాలకి పంపితే, ఆనాటి జనం గిన్నెల సబ్బు తాగి బతికారని తేలుతుంది." రేకు మళ్ళీ మడిచారు. "పక్క గదిలో ఇంకా కడగని పెట్టెలు గోడంత ఉన్నాయి. వాటిలో మాడు ఉన్నవి ఉండొచ్చు, లేకపోవచ్చు. ప్రతి పెంకూ నీళ్ళలో పడే ముందు ఎవరో ఒకరు చూడాలి. ఏడాది పని, విసుగు పని, దొరుకుతాయన్న హామీ లేదు. అది నీకు ఇవ్వగలను. కానీ శనివారం వచ్చేవాళ్ళందరికీ, ఏది కడగాలో ఏది ముట్టుకోకూడదో నువ్వే చెప్పాలి. నిలబడి. గది చివరికి వినపడేలా. శనివారం వింటాను. వినపడకపోతే ఇంకొకరికి ఇస్తాను. అంతా అయ్యాక రిజిస్టరులో నిజం రాసే మనిషి నాకు చాలదు. జరుగుతున్నప్పుడు నోరు తెరిచే మనిషి కావాలి."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. తల వంచుకుని, పప్పులో అన్నం కలుపుతూ, మొత్తం చెప్పాను. అమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఆ మాడే కావాలా మీకు?"

"ఊఁ."

"నేను తోముతుంటే నా వెనకాల నిలబడి చూశావా?"

"ఊఁ."

"పైగా అవునమ్మా అన్నావు."

నేను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"నోట్లో ఏముందే నీకు, బెల్లం ముక్కా? 'అమ్మా, ఆగు' అనడానికి ఏం రోగం? దాని ఖరీదేంటో తెలిస్తే నేనెందుకు ముట్టుకుంటానే! పైగా మీ పిన్నికి ఫోన్ చేసి గొప్పలు కూడా పోయా!" అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నా ప్రాజెక్టు కోసమా, పిన్ని దగ్గర పోబోయే పరువు కోసమా అన్నది తేల్చే ప్రయోగశాల ఇంకా రాలేదు. గొంతు తగ్గించి అడిగింది. "ఆ ఆరోదైనా బాగుందా? నానబెట్టిందేగా, తోమలేదుగా."

"సబ్బునీళ్ళు పీల్చేసింది."

నాన్న అప్పటికే ఫోన్ తీసి నక్షత్రం దగ్గరికి వెళ్ళాడు. "సరేలేమ్మా, అయిందేదో అయింది. ఒకందుకు మంచిదే. అనలిటిక్స్‌లో అయితే ఏదైనా పోతే బ్యాకప్ ఉంటది..."

"శనివారం దాకా ఆగు నాన్నా" అన్నాను. నాన్న ఆశ్చర్యంగా ఫోన్ బల్ల మీద బోర్లించాడు. ఆయన మాట మధ్యలో నేను అడ్డుపడటం అదే మొదటిసారి.

ఆ వారమంతా డైరీలో ఇంకేమీ లేదు. వాలంటీర్లకు చెప్పాల్సిన నాలుగు ముక్కలే, పదకొండు రకాలుగా. స్నానాల గదిలో అద్దానికి చెప్పుకున్నాను. అద్దం శ్రద్ధగా వింది.

శనివారం అమ్మ మళ్ళీ బయలుదేరింది. వద్దంటే వినలేదు. "నేను పోగొట్టిందాన్ని నేనే వెతుకుతా" అంది. ఆంటీ కూడా వచ్చారు, ఈసారి జరగబోయే తమాషా కోసం అనుకుంటాను. గదిలో పోయినవారంకంటే ఎక్కువమంది ఉన్నారు. ప్రొఫెసర్ గది చివర, తలుపుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నేను లేచి నిలబడ్డాను. అద్దానికి చెప్పిన మాటలు మొదలుపెట్టాను. మొదటి వరుసలో ఒకాయన మర్యాదగా చెవి ముందుకు వంచాడు. రెండో వరుసవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ప్రొఫెసర్ గోడ గడియారం వైపు చూశారు.

వెనక నుంచి అచ్చ తెలుగులో ఒక కేక వచ్చింది.

"ఏమీ వినపడట్లేదే! గట్టిగా చెప్పు!"

అందరి తలలూ వెనక్కి తిరిగి, మళ్ళీ నా వైపు తిరిగాయి. ఇన్నేళ్ళుగా నేను దేనికి భయపడ్డానో సరిగ్గా అదే జరిగింది. జరిగాక చూస్తే, అవి ఉత్త తలలే. అమ్మ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు ఉంది. దాని జిప్పు సందులోంచి ఆకుపచ్చ అంచు కనిపిస్తోంది.

"అమ్మా! ముందు ఆ పీచు తీసి బల్ల మీద పెట్టు!" అన్నాను.

తెలుగులోనే అన్నాను. ఆ గొంతు గది చివర గోడకి తగిలి నాకే వినపడింది. అమ్మ నోరు తెరిచి, మూసి, బ్యాగు తెరిచింది. పీచు బయటికొచ్చింది. నేను అలాగే చెయ్యి చాపి నిలబడితే, సబ్బు సీసా కూడా వచ్చింది. అదే గొంతుతో ఇంగ్లీషులోకి మారి మిగతాది చెప్పాను. నల్లగా ఏది కనిపించినా ముట్టుకోవద్దు, నన్ను పిలవండి. అనుమానం వచ్చినా పిలవండి. నేను మాట్లాడుతున్నా సరే, మధ్యలో అడ్డుపడండి. పదకొండు రకాల్లో ఇది ఒక్కటీ కాదు. ముగించేసరికి ప్రొఫెసర్ తలుపు దగ్గర లేరు. పక్క గదిలోంచి కడగని పెట్టె ఒకటి మోసుకొచ్చి నా బల్ల మీద పెడుతున్నారు.

నేను పెట్టె మూత తీస్తుంటే, వెనక ఆంటీ గొంతు తగ్గించి అడగడం వినిపించింది. మనవాళ్ళు తగ్గించిన గొంతు రెండు గదుల అవతలికి వినపడుతుంది.

"అదేంటి వదినా, అన్నయ్యగారు డేటా అన్నారుగా?"

"డేటా లేదు, గీటా లేదు" అంది మా అమ్మ, బ్రష్షు చేతిలోకి తీసుకుంటూ. "మా అమ్మాయిది కుండ పెంకుల చదువు. ఆ నల్లది పక్కన పెట్టండి వదినా, ముట్టుకుంటే అరుస్తుంది."